మాయ పడేదాకా మాట దాటకూడదు

"అమ్మా, ఇప్పుడు అక్కడ అడవి పశువులు ఈనే కాలం. మైదానం నిండా ఒకేసారి ఈనుతయి. జన్మలో ఒక్కసారన్నా చూడాలె" అంది నా కూతురు.

"పశువు ఈనేది చూసేటందుకు సముద్రం దాటాల్నా? మన కొట్టంలో ఉన్నది ఏంది, మేకా?" అన్నాను.

మా కొట్టంలో ఉన్నది సూడి గేదె. నెలలు నిండుతున్నాయి.

మా ఇల్లు ఎర్రబోరులో, పెద్ద రోడ్డుకు కొంచెం లోపలికి. కూతురూ అల్లుడూ మొదట ఇక్కడే, బస్తర్‌లోని ఇనుప గనుల ఊళ్లో ఉండేవాళ్లు. గని పని మీదే అల్లుడు ఆఫ్రికాలోని టాంజానియాకు పోయాడు, కూతురు వెంట పోయింది. ఈ చలికాలం ఆమె సెలవుకు వచ్చింది. తిరిగి పోయేటప్పుడు నన్నూ తీసుకుపోతానని పట్టుబట్టింది. నాకు చెప్పకుండానే టికెట్ కొన్నది. వెనక్కిస్తే పైసా రాదట. ఆ ఒక్క మాటతో నా నోరు మూతపడింది. చింతపండు కొట్టాక గింజను కూడా పారెయ్యని ఇల్లు మాది. కొన్న టికెట్‌ను ఎట్లా పారేస్తాం?

గేదె కట్టిన నెల నుంచి లెక్క వేసుకుంటే, నేను తిరిగొచ్చాకనే ఈనాలి. ఆ ధైర్యంతో ఒప్పుకున్నాను. బయల్దేరే రోజు పొద్దున కొట్టంలోకి పోయి చూస్తే పొదుగు అప్పుడే దిగి ఉంది. చన్నులు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. నా లెక్క తప్పిందని అప్పుడే అర్థమైంది. బయట ఆటో హారన్ కొడుతోంది.

ఆ గేదె మామూలుగా ఈనేది కాదు. పోయిన ఈతలో దూడ ఒక ముందుకాలు మడుచుకుని వచ్చింది. ఒక్క గిట్ట కనబడుతుంది, రెండోది రాదు. గేదె ముక్కి ముక్కి పడిపోయింది. పశువుల డాక్టరు మాకు దూరం. నేనే మోచేతి దాకా ఆముదం రాసుకుని, చెయ్యి లోపలికి పెట్టి, దూడను వెనక్కి నెట్టి, మడిచిన కాలు దొరకబుచ్చుకుని సాపు చేసి లాగాను. ఆ పని మా అత్త చేస్తుంటే నేర్చుకున్నది. ఈసారి అట్లాగే వస్తే చెయ్యి పెట్టడానికి నేను ఉండను. కొడుకు వారమంతా దోర్నపాల్‌లో ట్రాక్టర్లు బాగుచేసే దుకాణంలోనే ఉంటాడు. ఇంట్లో ఉండేది కోడలు, బడికి పోయే మనవరాలు. ఆ గేదె పాలు దోర్నపాల్ హోటళ్లకు పోతాయి. ఇల్లు నడిచేది వాటి మీదే.

మా ఇంటి కట్టడి ఒకటుంది. ఇది కూడా మా అత్త నుంచి వచ్చిందే. పశువుకు నొప్పులు మొదలైనప్పటి నుంచి మాయ పడేదాకా ఆ మాట గడప దాటకూడదు. దూడ బయట పడ్డంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. దూడ వెనక వచ్చే మాయ కూడా పడిపోవాలి, అప్పుడే బతికినట్టు. అందాకా పక్కింటికి కూడా తెలియనివ్వం. నిప్పు ఇవ్వం, ఉప్పు ఇవ్వం. కొట్టానికి అడ్డంగా ఒక తెర కడతాం. తెర లోపల ఉండేది ఒక్కరే. రెండో మనిషి చూపు ఈనే పశువు మీద పడకూడదు. మా తెర నా పాత చీర. ప్లాస్టిక్ పట్టా కొందామని కోడలు రెండు మూడు సార్లు అంది. చీర ఉండగా పట్టా ఎందుకన్నాను.

ఆటో ఎక్కేముందు కోడలిని కొట్టం దగ్గరికి పిలిచి, ఆముదం సీసా ఎక్కడుందో, పాత గోనెసంచి ఎక్కడుందో చూపించాను. చెయ్యి ఎట్లా పెట్టాలో మాత్రం చెప్పలేదు. ఈనకముందే అట్లాంటి మాట నోట అనడం అపశకునం. అంతా విని కోడలు అన్నది ఒక్కటే:

"నువ్వు పోయిరా అత్తా. బర్రెకు నీ టికెట్ సంగతి తెల్వదు. అది ఈనేనాడే ఈనుతది."

ప్రయాణం గురించి రాయడానికి పెద్దగా లేదు. భద్రాచలం దాకా బస్సు, అక్కడి నుంచి హైదరాబాద్, ఆ తర్వాత విమానం. విమానంలో ఇచ్చిన చక్కెర పొట్లాలు, ఉప్పు పొట్లాలు వదిలిపెట్టకుండా సంచిలో వేసుకున్నాను. కూతురు మొహం పక్కకు తిప్పుకుంది. నా సంచికి చుట్టిన నైలాన్ తాడును ఎయిర్‌పోర్టులో కోసేశారు. ఆ ముక్కలు కూడా ఏరి దాచుకున్నాను. అవి తర్వాత పనికొచ్చాయి.

అల్లుడికి సెలవు దొరకలేదు. మైదానానికి మేమిద్దరమే పోయాం, నేనూ కూతురూ. పై కప్పు లేచే జీపు, దానికొక డ్రైవరు. చూపించేదీ నడిపేదీ అతనే. అతనికి వచ్చిన నాలుగు హిందీ ముక్కలు, బజారులో నేను నేర్చుకున్న హిందీ కలిసి పని నడిచింది. నన్ను 'బీబీ' అని పిలిచాడు. వాళ్ల భాషలో అమ్మమ్మ అని అర్థమట. హిందీలో అది పెళ్లాం. మొదటి రోజు నేను మొహం ముడిస్తే కూతురు నవ్వలేక చచ్చింది.

ఆ మైదానం నేను అనుకున్నట్టు అడవి కాదు. చెట్టు లేదు, గుట్ట లేదు. చూపు ఎక్కడా ఆగదు. పొట్టి పచ్చగడ్డి, దాని మీద నల్లగా పశువులు. ముందు సగం ఎద్దు, వెనక సగం గుర్రం, మూతికి మేకపోతు గడ్డం. ఏదో ఇంగ్లీషు పేరు చెప్పింది కూతురు, నాకు నోరు తిరగలేదు. నేను గడ్డం పశువులనే అన్నాను. అవన్నీ ఒకేసారి ముక్కుతో మూలుగుతుంటే మైదానమంతా పెద్ద తిరగలి తిరుగుతున్నట్టు ఉంది.

ఒక గడ్డం పశువు పడుకుని ఉంది. దాని వెనక తెల్లగా రెండు గిట్టలు. చుట్టూ జీపులు ఆగి ఉన్నాయి. జీపుల మీద దుర్బీన్లు, కెమెరాలు పట్టుకుని మనుషులు నిలబడ్డారు. నేను కొంగు తీసి మొహానికి కప్పుకున్నాను.

"అమ్మా, చూడవే. దీనికోసమే కదా వచ్చింది."

"నువ్వు చూడు. నాకు చూడరాదు."

"ఇది మన బర్రె కాదమ్మా."

"ఎవరి బర్రె అయితే ఏంది? ఈనే తల్లి తల్లే. ఇంతమంది దిష్టి పెడుతుంటే నేనొక్కదాన్ని తక్కువైన్నా?"

డ్రైవరు వెనక్కి తిరిగి ఏమైందని అడిగాడు. కూతురు ఇంగ్లీషులో ఏదో చెప్పింది. అతను నవ్వలేదు. తమ ఇంట్లో కూడా ఆవులున్నాయనీ, వాళ్లమ్మే చూసుకుంటుందనీ, ఈనే ఆవు దగ్గరికి పిల్లలను రానివ్వదనీ హిందీలో కూడబలుక్కుని చెప్పాడు. జీపును కాస్త వెనక్కి జరిపాడు. అతని మీద నాకు గౌరవం కలిగింది. అంత డబ్బు పెట్టి వచ్చి కళ్లు మూసుకుని కూర్చున్నానని కూతురు ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

డబ్బు సంగతి నాకు తెలియక కాదు. కళ్లు మూసుకున్నా నాకు కనబడేది మా కొట్టమే. చేతులు ఊరికే ఉండలేకపోయాయి. సంచిలోంచి నైలాన్ పోగులు తీసి పేనడం మొదలుపెట్టాను. జానెడు పేనాక చూస్తే, అది దూడ మెడకు కట్టే పలుపు. దూడ పుట్టకముందే పలుపు పేనకూడదు, పుట్టని బిడ్డకు ఉయ్యాల కట్టకూడదన్నట్టే. గబగబా విప్పేశాను. కాసేపటికి మళ్లీ చేతులు అదే పని చేస్తున్నాయి. మళ్లీ విప్పాను.

"ఏం చేస్తున్నవమ్మా?"

"ఏమీ లేదు."

"పేనేది నువ్వే, విప్పేది నువ్వే. పిచ్చి పట్టిందా?"

మేము దిగిన గుడారాల దగ్గర, భోజనాల గుడారంలో మాత్రమే ఫోను పనిచేసేది. మర్నాడు పొద్దున టీ కూడా తాగకుండా ఇంటికి ఫోను చేయించాను. మాకు పొద్దు పొడిచే వేళకు అక్కడ బడి గంట కొట్టే వేళ అవుతుంది.

"తిన్నవా అత్తా?" అంది కోడలు.

"ఇంకా లేదు. బర్రె ఎట్లున్నది?"

"ఇక్కడ ఎండ మంచిగ కొడుతున్నది. చింతపండు ఆరబోసిన."

"బర్రె సంగతి అడిగిన."

"పాప బడికి పోయింది. సింహం కనబడ్డదా అత్తా?"

"సింహం ఎందుకే ఇప్పుడు నాకు?"

"సింహం కనబడితే ఫోటో తియ్యి. ఉంటా మరి, పొయ్యి మీద అన్నం ఉన్నది."

ఫోను పెట్టేసింది. కోడలి పుట్టిల్లు దోర్లి మాట్లాడే ఇల్లు. కంగారులో ఆమె నోటికి తెలుగు రాదు, దోర్లీయే వస్తుంది. అది తెలిసే ఆ రోజు ఒక్కొక్క మాట ఏరుకుని, నిదానంగా, పంచాయతీలో చెప్పినట్టు తెలుగులో మాట్లాడింది. ఎప్పుడూ నా మాటకు జవాబివ్వకుండా ఫోను పెట్టే పిల్ల కాదు.

"మొదలైంది" అన్నాను కూతురితో.

"ఆమె ఏమీ అనలేదు కదమ్మా."

"అందుకే అంటున్న."

మళ్లీ చేద్దామంది కూతురు. వద్దన్నాను. నొప్పుల మధ్య మాట బయటికి లాగడం ఎట్లా? ఆ కట్టడి కోడలి మీద పెట్టింది నేనే. పోయిన ఈతలో కోడలు పక్కింటామెకు చేత్తో సైగ చేసిందని నెల పాటు ముఖం చూసి మాట్లాడలేదు. ఇప్పుడు నేనే అడిగితే, ఆమె ఏం చెప్పాలి? కాలు సాపు చేసే తీరు ఫోనులో చెబుదామన్నా, అది నోటితో చెప్పే పని కాదు. ఇంట్లో ఉంటే చెయ్యి మాట్లాడేది. చెయ్యి ఇక్కడ ఉంది.

ఆ రోజంతా జీపులో కూర్చోలేకపోయాను. జీపు నడిచేటప్పుడు కప్పు దించేవాడు, నిలబడితే తల తగిలేది. డ్రైవరు రెండుసార్లు వెనక్కి చూశాడు. గడ్డం పశువులు ఎక్కడపడితే అక్కడ ఈనుతున్నాయి. నేను చూడకపోయినా కూతురు చెబుతూనే ఉంది, ఇదిగో ఒకటి పడుకుంది, అదిగో దాని దూడ లేచింది అని. ఒకసారి కొంగు సందులోంచి చూస్తే, ఒక తల్లి మాయ వేలాడుతుండగానే పరుగెత్తుతోంది. దాని వెనక ఒక నక్క, ఆ మాయ ఎప్పుడు పడుతుందా అని. మా దగ్గర మాయను గోనెలో చుట్టి, పాలుకారే మేడిచెట్టు కొమ్మకు కుక్కలకు అందకుండా కడతాం. అప్పుడే గేదెకు పాలు నిలుస్తాయి. ఇక్కడ కట్టేవాళ్లు ఎవరు?

ఇవన్నీ ఒకేసారి ఎందుకు ఈనుతాయని డ్రైవరును అడిగాను. అన్నీ ఒకేసారి ఈనితే తోడేళ్లలాంటి హైనాలు ఎన్నిటిని తింటాయి, మిగిలినవే ఎక్కువ అన్నాడు. అంటే మందే వీటికి తెర. మా గేదె ఒక్కతే. దానికున్నది ఒక చీర.

మధ్యాహ్నం ఒక దూడ మా జీపు వెంట పడింది. ఎండుగడ్డి రంగు, కాళ్లు మాత్రం తల్లి కాళ్లంత పొడవు. బొడ్డు ఇంకా తడిగానే ఉంది. తల్లి ఎక్కడా లేదు. పుట్టగానే కదిలేదాన్ని చూసి తల్లి అనుకుంటాయట. జీపు ఆగితే చక్రం దగ్గరికి వచ్చి మూతితో పొడిచింది, పొదుగు కోసం.

"తల్లి దగ్గరికి తోలు" అన్నాను.

"తల్లి ఏదో తెలియదు బీబీ" అన్నాడు డ్రైవరు.

"మాయ పూసి ఇంకో తల్లి దగ్గర విడిస్తే నాకి చేర్చుకుంటది. ఉప్పు రాసినా నాకుతది. నా దగ్గర ఉప్పు ఉంది."

విమానంలో దాచిన ఉప్పు పొట్లాలు తీశాను. కూతురు నెత్తి కొట్టుకుంది. జీపు దిగకూడదు, ముట్టుకోకూడదు, అది ఇక్కడి చట్టం అన్నాడతను. అయినా ఊరుకోలేదు. జీపును చాలా మెల్లగా మంద వైపు నడిపాడు. దూడ వెనకే వచ్చింది. మంద అంచుకు చేరాక ఒక్కసారిగా వేగం పెంచి పక్కకు తప్పించాడు. దూడ పశువుల మధ్య చిక్కుకుంది. ఒక ఆడది వాసన చూసి కొమ్ముతో నెట్టేసింది. ఇంకొకటి కూడా. ఆ తర్వాత దుమ్ము లేచింది. దానికి పాలు దొరికాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తిరిగి చూసి వద్దామంటే డ్రైవరు ఒప్పుకోలేదు.

ఇంకాస్త దూరం పోయాక ఒక మిట్ట మీద సిగ్నల్ దొరికి కూతురి ఫోను మోగింది. ఇంటి నుంచే. కూతురు స్పీకరు పెట్టింది.

"అత్తా. మాయ పడ్డది."

నేను సీటు మీద కూర్చున్నాను. ఆ రోజు సరిగ్గా కూర్చోవడం అదే మొదలు.

"పొద్దున నేను ఫోన్ చేసినప్పుడు?"

"నీటి తిత్తి కనబడుతున్నది. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో తోక పట్టుకున్న."

"అన్నం అంటివి గదనే."

"ఏం అనాలె మరి? నువ్వే చెప్పొద్దంటివి."

"కాలు?"

"మళ్ల అట్లనే. ఒక్క గిట్టే వచ్చింది. రెండోది లోపలే."

"చెయ్యి పెట్టినవా?"

"పెట్టిన. ముందు వెనక్కి నెట్టిన, మోకాలు దొరికినంక గిట్టను అరచేతిలో మూసి తిప్పిన. గిట్ట లోపల గీరుకోకుండ."

గిట్టను అరచేతిలో మూయడం మా అత్త నాకు నేర్పింది. నేను ఎవరికీ చెప్పలేదు.

"ఎవరు చెప్పిండ్రు నీకు?"



"పోయినసారి చూసిన అత్తా."

"తెర ఉండె గద."

"ఉండె. నీ చీరనే గద అది. చెయ్యి పట్టేంత చిరుగు ఉండె దానికి. పట్టా కొందామంటే నువ్వు వద్దంటివి."

పక్కన కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏమైందో తెలియకుండానే డ్రైవరు కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"ఏ దూడ?"

"పెయ్యదూడ. నెత్తి మీద తెల్లచుక్క."

"మాయ?"

"మేడిచెట్టుకు కట్టిన. పైకొమ్మకు."

"గోనె?"

"పాతదే అత్తా. కొత్త సంచి ముట్టలే."

"జున్ను అందరికీ పంచేస్తవా ఏంది? నా వాటా ఉంచు."

"నువ్వొచ్చేదాకా జున్ను ఆగుతదా? ఫ్రిజ్ కొననియ్యవైతివి."

ఫోను పెట్టాక మిట్ట దిగువన ఒక గడ్డం పశువు పడుకోవడం కనబడింది. ఇంకే జీపూ లేదు. డ్రైవరు నా వైపు చూశాడు, వెనక్కి పోనివ్వాలా అన్నట్టు. వద్దని చెయ్యి ఊపాను. కొంగు తీసేశాను. రెండు గిట్టలూ సరిగ్గా వచ్చాయి, వాటి మీద మూతి. తల్లి ఒకసారి లేచి నిలబడి, మళ్లీ పడుకుంది. దూడ జారి గడ్డిలో పడింది. తల్లి నాకుతుంటే అది లేవబోయి పడింది, మళ్లీ లేవబోయి పడింది. అప్పుడు నా చేతులు పేనుతూనే ఉన్నాయి. ఈసారి విప్పలేదు.

కానీ మనసు కుదుటపడిందని రాస్తే అబద్ధం అవుతుంది. గేదె బతికింది, దూడ బతికింది. అయినా ఆ రాత్రి గుడారంలో అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాను. మిగిలిన రోజులు కూతురు సింహాలు చూపించింది, ఏనుగులు చూపించింది. చూశాను. ఎప్పుడు పోతామని మాత్రం రోజూ అడిగాను.

"బర్రె ఈనింది గదా, ఇంకేం తొందర?" అంది కూతురు.

నేను పలుపు చివర ముడి బిగించాను.

ఇల్లు చేరేసరికి సాయంత్రం పాలు పితికే వేళ. సంచి గుమ్మంలో పెట్టి, కాళ్లు కూడా కడుక్కోకుండా కొట్టంలోకి పోయాను. తెర ఇంకా విప్పలేదు. చిరుగు నేను అనుకున్నదానికంటే పెద్దదే. దాంట్లోంచి చూస్తే లోపలిదంతా కనబడుతుంది, నేను కూర్చునే చోటు కూడా. దూడ బాగుంది. నెత్తి మీద చుక్క పావలా అంత.

నేను గేదె వీపు మీద చెయ్యి వేశాను. అది నా చెయ్యి వాసన చూసింది. గుడారాల సబ్బు వాసన ఇంకా పోలేదేమో, ముక్కు ఎగబీల్చి తల తిప్పుకుంది. కోడలు గిన్నె పట్టుకుని వచ్చింది.

"పక్కకు జరుగు అత్తా. ఇప్పుడు నువ్వు కూర్చుంటే చేపదు, పాలు దాచుకుంటది. నేను పిండుతా."

జరిగాను. కోడలు దూడను విడిచింది. అది నాలుగు గుటకలు తాగాక పక్కకు లాగి, పిండడం మొదలుపెట్టింది. పాలు గిన్నెలో చప్పుడు చేశాయి. నేను నడుముకు చెక్కుకున్న నైలాన్ పలుపు తీసి చూపించాను.

"అంత దూరం నుంచి తెచ్చినవా?" అంది, వేళ్ల మధ్య నలిపి చూసి. "సన్నగున్నది అత్తా. మెడ కోస్తది. జనపనారతో పేని నేను కట్టిన."

నిజమే. సన్నగానే ఉంది. దూడ మెడలో జనపనార పలుపు మెత్తగా, ముడి సరిగ్గా ఉంది.

తప్పు పట్టడానికి ఇంకేమైనా దొరుకుతుందేమోనని కొట్టమంతా ఒకసారి చూశాను. ఆముదం సీసాకు మూత పెట్టి ఉంది. చివరికి గుంజకు ఆనుకుని కూర్చుని, నైలాన్ పలుపును చివరి నుంచి విప్పడం మొదలుపెట్టాను. పోగులు ఎందుకైనా పనికొస్తాయి.

"రేపటి నుంచి పొద్దుటి పాలు నువ్వు పిండు" అంది కోడలు, వెనక్కి తిరగకుండానే. "నీ చెయ్యి మళ్ల అలవాటు కావాలె దానికి."

"సరే" అన్నాను. "తెర విప్పి ఇటియ్యి. ఉతికి పెడతా."

"చిరుగు కుడతవా?"

పోగులు విప్పుతూ కూర్చున్నాను.